రెండో పుల్ల

ఆ వేసవి సెలవుల్లో మా ఇంట్లో ముగ్గురం ఉన్నాం: వదిన, నేను, పెరట్లో కదలని ట్రాక్టరు.

మామూలు ట్రాక్టరు కాదది. ముందు మట్టి ఎత్తే బకెట్టు, వెనక కందకాలు తవ్వే ఇనుప చెయ్యి. అన్నయ్య కొనేనాటికే దానికి ఇరవై ఏళ్ళు. ఆ తర్వాత పదహారేళ్ళు దాని మీదే కూర్చుని మంచినీటి గొట్టాలకీ, పునాదులకీ నేల తవ్వాడు. చలికాలం చివర్లో ఒక సాయంత్రం బయటి నుంచి వచ్చి, పెరటి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ పడిపోయాడు. కుళాయి కట్టేసింది నేను. ఆ సాయంత్రం గురించి అంతకు మించి రాయలేను.

సెలవులిచ్చిన మూడో రోజు పాత ఇనుము కొనే మనిషి వచ్చాడు. అందరూ అతన్ని తూకం అంటారు. ఎదుటి మనిషిని చూసి కూడా ఎన్ని కిలోలో మనసులో అనుకుంటాడని. ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, బకెట్టుని వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"అక్కా, ఇది ముందుకు పోదు, వెనక్కి పోదు. పెట్టుకుని ఏం చేస్తావు? బకెట్లో మొక్కలు పెంచుతావా?"

"పెంచితే నీళ్ళు నువ్వొచ్చి పోస్తావా?" అంది వదిన.

"నా మాట విను. లారీ తెస్తాను, ఇక్కడే ముక్కలు కోసి తీసుకుపోతాను. నీకు నొప్పే తెలీదు."

"ఎద్దు పుండు కాకికి నొప్పా!" అంది వదిన. గోడకి ఆనుకుని కాసేపు ట్రాక్టరు వంకే చూసింది. "బళ్ళు తెరిచే రోజు పొద్దున్న రా. ఈలోపు ఇది నీళ్ళ ట్యాంకు మెట్ట ఎక్కిందా, నీ లారీ ఖాళీగా పోతుంది. ఎక్కలేదా, కోసుకో."

అతను వెళ్ళాక నాతో అసలు సంగతి చెప్పింది.

"మెట్ట ఎక్కితే గొట్టాల పని నేనే పట్టుకుంటాను. తవ్వడం నాకొచ్చు, మీ అన్నయ్య నేర్పాడు. ఎక్కకపోతే మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. దాని కుట్టుకొట్టులో రెండో మిషను ఖాళీగా ఉందట."

"మరి ఇల్లు?"

"నువ్వుంటావుగా మాస్టారూ. ఒక్కడివే ఉంటే చీపురెక్కడుందో కనుక్కుంటావు."

నవ్వించడానికే అంది. నాకు పెళ్ళి లేదు. పద్నాలుగేళ్ళుగా ఆమె చేతి అన్నమే తింటున్నాను. చీపురెక్కడుందో మాత్రం నాకు తెలుసు. పెరడు ఊడ్చేది నేనే.

మర్నాడు చెవి మేస్త్రిని పిలుచుకొచ్చాను. అన్నయ్య స్నేహితుడు, అరవై దాటినవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని యంత్రానికి, పిడిని చెవికి ఆనించి, లోపల ఏం జరుగుతోందో వింటాడు. అందుకే ఆ పేరు. వచ్చీ రాగానే అడిగాడు.

"ముందు నూనె సంగతి చెప్పండి."

లోపలికి వెళ్ళి నోటు పుస్తకం తెచ్చి ఇచ్చాను.

ఆ ట్రాక్టరుకి నూనె చూసే పుల్లలు రెండు. మొదటిది ఇంజనుకి, రెండోది గేరుపెట్టెకి. దగ్గరి చూపు మందగించాక అన్నయ్య ఆ పని నాకు అప్పగించాడు. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం రెండు పుల్లలూ తీసి చూసి, తేదీ వేసి పుస్తకంలో రాస్తున్నాను. ఇంజను నూనె అప్పుడప్పుడు తగ్గేది, పోసేవాణ్ణి. గేరుపెట్టె ఎదుట మాత్రం ఒకటే మాట, ప్రతి వారం: నిండుగా ఉంది.

మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని పుటలు తిప్పాడు.

"అబ్బ, ముత్యాలు పేర్చినట్టుంది. మా ఇంట్లో వాళ్ళు నా పేరు కూడా ఇంత శ్రద్ధగా రాయరు." పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. "మీరు రాశాక ఇంక చూసేదేముంది. నూనె కాదన్నమాట. పదండి, లోపలికి పోదాం."

ఆ పుస్తకం మూసిన క్షణంలోనే మూడు వారాలు పోయాయి. అది తర్వాత తెలిసింది.

జబ్బు ఇదీ: పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు ట్రాక్టరు బుద్ధిగా పెరడంతా తిరుగుతుంది. అరగంట నడిచి ఒళ్ళు వేడెక్కితే ఇక అంతే. ఇంజను గొంతు చించుకుంటుంది, చక్రాలు కదలవు. ముందు గేరైనా, వెనక గేరైనా ఒకటే. వదిన సీటు మీద కూర్చునేది. మేస్త్రి కింద నుంచి చెప్పేవాడు. నేను పనిముట్లు అందించేవాణ్ణి.

"వెనక చెయ్యి ఎత్తమ్మా. ఊఁ, బలంగా లేస్తోంది. ఇంజను తప్పు కాదు." చక్రాలు జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పాడు. "తేలిగ్గా తిరుగుతున్నాయి. బ్రేకులు పట్టెయ్యలేదు. ఇక మిగిలింది మధ్యలోది."

బకెట్టు నడిపే కడ్డీకి చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే చక్రాలకి పోయే బలం తెగుతుంది. దాని తీగ ఒరుసుకుపోయి, నొక్కకుండానే నొక్కినట్టు అవుతోందేమోనని ఆ తీగ ఊడదీశాడు. వదిన ఇంజను వేడెక్కేదాకా తిప్పింది. మళ్ళీ అదే తంతు. రెండో వారం గేరుపెట్టె ఫిల్టరు విప్పి, దాని డబ్బాని రంపంతో కోసి, లోపలి కాగితం మడతలు విడదీసి ఎండలో పరిచాడు. నల్లటి పొడి.

"మెరుపు ఉంటే గేరు పళ్ళు విరుగుతున్నట్టు. అది లేదు, మన అదృష్టం. ఈ నలుపు లోపలి క్లచ్చు బిళ్ళలది. జారి జారి అరుగుతున్నాయి. వాటంతటవి జారవు మాస్టారూ. వాటిని అదిమి పట్టేది నూనె. ఆ పట్టు సడలితేనే జారతాయి."

"నూనె నిండుగానే ఉందిగా" అన్నాను. అవును, నేనే అన్నాను.

"అక్కడే నా బుర్ర పనిచెయ్యట్లేదు" అన్నాడు. కొత్త ఫిల్టరు బిగించి, ఒలికినంత నూనె మళ్ళీ పోశాడు.

వదిన మెట్టు మీద కూర్చుని ఆ నల్లపొడి కేసి చూస్తోంది.

"ఆయన దీన్ని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు" అంది. "బండి ముసల్దైపోయింది, మార్చెయ్యరాదూ అంటే, బండి బానే ఉంది, నా చెయ్యి పోయింది అనేవాడు. పదహారేళ్ళు నడిపిన చెయ్యి ఉన్నట్టుండి ఎలా పోతుంది మేస్త్రీ?"

"పోదమ్మా" అన్నాడు మేస్త్రి. "గుండె పోతుంది గానీ చెయ్యి పోదు."

నేను పనిముట్లు తుడుస్తూ ఉండిపోయాను. నాకు గుర్తొచ్చింది వేరు. శీతాకాలంలో ఒక మధ్యాహ్నం, బకెట్టులో గొట్టాల కట్టతో మెట్ట ఎక్కుతుండగా ట్రాక్టరు నడిమధ్యలో నిలిచిపోయి, వెనక్కి జారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పనివాళ్ళంతా చూస్తుండగా, అన్నయ్య కన్నా పదిహేనేళ్ళు చిన్నవాడైన అజమాయిషీదారు "దిగు పెద్దాయనా, ఎవణ్ణైనా చంపుతావు" అన్నాడట. పని తీసి వేరేవాళ్ళకిచ్చారు. ఆ సాయంత్రం అన్నయ్య నన్నడిగాడు.

"నూనె చూశావురా?"

పుస్తకం తెచ్చి చూపించాను. కళ్ళజోడు లేకుండా అన్నయ్య చదవలేడు. అయినా ఆ పంక్తిని వేలితో మెల్లిగా తడిమాడు, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా.

"నువ్వు రాశావంటే ఉన్నట్టే. అయితే నాలోనే ఏదో తగ్గింది."

తర్వాత పది రోజులు బతికాడు.

మూడో వారం చివర మేస్త్రి ఎక్కడి నుంచో నూనె ఒత్తిడి చూపించే గడియారం లాంటిది తెచ్చాడు. గేరుపెట్టెకి ఉన్న చిన్న రంధ్రంలో దాని గొట్టం బిగించి, ముల్లు నాకు కనబడేలా తగిలించాడు. వదిన ఇంజను వేసింది. ముల్లు నిటారుగా నిలబడింది. వదిన పెరట్లో ముందుకీ వెనక్కీ తిప్పుతూనే ఉంది. ఎండ ఎక్కింది. నలభై నిమిషాలకి ముల్లు వణకడం మొదలుపెట్టింది. తర్వాత కొంచెం కొంచెంగా దిగింది.

మేస్త్రి స్క్రూడ్రైవరు చెవికి ఆనించి చాలాసేపు విన్నాడు.

"పంపు గాలి మింగుతోంది" అన్నాడు. "కంచంలో అన్నం ఉన్నవాడు గాలెందుకు మింగుతాడు మాస్టారూ?" నా కేసి తిరిగాడు. "మీరు నూనె ఎలా చూస్తారో ఒకసారి చూపించండి."

రెండో పుల్ల దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ చెయ్యెత్తి వదినకి సైగ చేశాను, ఇంజను ఆపమని.

మేస్త్రి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎందుకాపడం?"

"ఆపే చూస్తాను."

ఆయన కోప్పడలేదు. నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడంతే. "ఆపకండి. ఇప్పుడు తియ్యండి."

తీశాను. తుడిచి, మళ్ళీ ముంచి, తీశాను. పుల్ల మీద రెండు గీతలుంటాయి. రెండూ పొడిగా ఉన్నాయి. కొసన మాత్రం వేలి గోరంత తడి, దాని మీద నురగ.

ఇంజను హోరులో మేస్త్రి నా చెవి దగ్గరికి వంగి చెప్పాడు. ఇంజను ఆగితే నూనంతా పై నుంచి దిగి కింది తొట్టిలో చేరుతుందట. అప్పుడు చూస్తే ఎప్పుడూ నిండే. తిరుగుతున్నప్పుడు ఆ నూనె పైకి ఎక్కి గొట్టాల్లో, నూనెని చల్లార్చే రేడియేటరు లాంటి జల్లెడలో పరుగెడుతుంది. అప్పుడు కింద ఎంత మిగిలిందన్నదే లెక్క. ఆయన చెప్తుంటే తల ఊపాను. అర్థం కాక ఊపే పిల్లల్ని నాకు తెలుసు. నేను అలా ఊపలేదు. నాకు అంతకు ముందే తెలుసు గనక ఊపాను.

అన్నయ్య చెప్పాడు. పని అప్పగించిన మొదటి రోజునే, రెండు పుల్లలూ చూపించి, మొదటిది ఆపి చూడు, రెండోది నడుస్తుండగా చూడు అన్నాడు. రెండు ఆదివారాలు అలాగే చూశాను. మూడో ఆదివారం చొక్కా చెయ్యి ఇంజను ఫ్యాను గాలికి ఎగిరింది, వేడి నూనె వేళ్ళ మీద పడింది. ఆ తర్వాతి వారం నుంచి రెండూ ఆపే చూశాను. నూనె నూనేగా, ఎప్పుడు చూస్తే ఏం అనుకున్నాను. అన్నయ్యకి చెప్పలేదు. పుస్తకంలో అబద్ధమూ రాయలేదు. చూసిందే రాశాను. చూసినప్పుడు నిండుగానే ఉంది.

మేస్త్రి ట్రాక్టరు కిందకి దూరి, నేల మీద చెయ్యి పెట్టి తవ్వాడు. పైన రెండు వేళ్ళ మందం తెల్లటి ఇసక. దాని కింద నల్లగా, ముద్దగా, నూనె నానిన ఇసక.

"ఈ ఇసక ఎవరు పోశారు?"

"నేనే. ఆదివారం పెరడు ఊడ్చాక పోస్తాను. మరకలు బాగుండవని."

ఆయన వెల్లకిలా పడుకుని పైకి చూశాడు. చల్లార్చే జల్లెడకి పోయే గొట్టం మూతి దగ్గర, ఇంజను నడిచి వేడెక్కినప్పుడు మాత్రం, చుక్క తర్వాత చుక్క.

"ఏమైంది?" సీటు మీద నుంచి వదిన కేకేసింది.

"గొట్టం మూతి కారుతోందమ్మా!" మేస్త్రి కింద నుంచే అరిచాడు. "చిన్న రబ్బరు చుట్టు పోయింది, అంతే!"

బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "నేను చెప్పాల్సింది చెప్పాను. నాకూ బుద్ధి లేదు. మొదటి రోజే పుల్ల తీసి చూడాల్సింది పోయి పుస్తకం చూశాను. మిగతాది మీ ఇంటి సంగతి."

రెండు రోజుల్లో రబ్బరు చుట్టు మారింది. కొత్త నూనె నేనే పోశాను, ఇంజను నడుస్తుండగా, కొంచెం పోసి కొంచెం చూస్తూ. పెరట్లో గంటసేపు తిప్పినా ట్రాక్టరు ఆగిపోలేదు. వదిన మొహం విప్పారింది. మేస్త్రి మాత్రం తొందరపడలేదు.

"చదును నేల మీద కుర్చీ కూడా జరుగుతుందమ్మా. లోపలి బిళ్ళలు ఎంత అరిగాయో మెట్టే చెప్పాలి."

బళ్ళు తెరవడానికి ఇంకా ఐదు రోజులున్నాయి. వదిన గుమ్మంలో కూర్చుని ట్రాక్టరు సీటుకి కొత్త తొడుగు కుడుతోంది. నేను ఎదురుగా నిలబడ్డాను. ఏం చెప్పాలో ముందే వరసగా కూర్చుకున్నాను. పాఠం చెప్పే ముందు అలా చేయడం అలవాటు. నోరు తెరిచేసరికి అందులో నాలుగు మాటలే మిగిలాయి.

"వదినా, రెండో పుల్ల నడుస్తుండగా చూడమని అన్నయ్య చెప్పాడు. నేను ఆపి చూశాను."

"ఏ పుల్ల?" అంది, తలెత్తకుండా.

"గేరుపెట్టెది. మూడేళ్ళు. నిండుగా ఉందని రాసినవన్నీ ఆపి చూసి రాసినవే. కారిన మరకల మీద ఇసక పోసింది కూడా నేనే. మెట్ట మీద నుంచి జారిన రోజు అన్నయ్య అడిగితే పుస్తకం చూపించాను."

సూది ఆగింది.

"అంటే?"

"అన్నయ్య చెయ్యి పోలేదు. నూనె లేదు."

వదిన కుట్టు ముడివేసి, దారం పళ్ళతో తెంపింది.

"ఈ మాట ఆయనకి చెప్పాల్సింది" అంది.

లేచి లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. వేళకి కంచం పెట్టేది, పెట్టి వెళ్ళిపోయేది. ఒకరోజు కూరలో ఉప్పు లేదు. మరిచిపోయిందో, కావాలనే వెయ్యలేదో అడగలేదు. తిన్నాను. మూడో రోజు ఆమె పెట్టె అటక మీద నుంచి దించి ఉంది. అందులో ఇంకా ఏమీ సర్దలేదు.

బళ్ళు తెరిచే రోజు పొద్దున్న ఏడింటికే తూకం లారీతో దిగాడు. నేను బడికి గంట ఆలస్యంగా వస్తానని కబురు పెట్టాను. మేస్త్రి గోడ మీద కూర్చున్నాడు. వదిన అప్పటికే సీటు మీద ఉంది, కొత్త తొడుగు మీద. ఇంజను నడుస్తోంది.

"అక్కా, మెట్ట అటుంది" అన్నాడు తూకం. "ఇక్కడే తిరుగుతావేం, దారి మరిచిపోయావా?"

"చల్లగా ఉన్నప్పుడు ఎక్కితే అది ఎక్కడం కాదు. కూర్చో."

నలభై నిమిషాలు తిప్పింది. ఆ తర్వాత ట్రాక్టరు నిలిపే చోటికి వచ్చి, బకెట్టు దించి, నేను మూడేళ్ళు పోసిన ఇసకంతా, పైన తెలుపూ కింద నలుపూ కలిపి, ఒక్క తోపులో ఎత్తేసింది. ఆ బరువుతో వీధిలోకి మళ్ళింది.

మేం ముగ్గురం వెనక నడిచాం. మెట్ట మొదట్లో ట్రాక్టరు వేగం తగ్గింది. ఇంజను గొంతు మారింది. సగం దూరంలో, శీతాకాలంలో జారిన చోట, రోడ్డు అంచు రాళ్ళు ఇంకా పక్కకి ఒరిగే ఉన్నాయి. అక్కడ చక్రాలు ఒక్కసారి తటపటాయించాయి. నా పక్కన తూకం ఊపిరి బిగబట్టడం వినబడింది. అతనికి కావలసింది అవతలి ఫలితం, అయినా బిగబట్టాడు. వదిన బలం పెంచలేదు, తగ్గించలేదు. ఎలా ఉన్న చెయ్యి అలాగే ఉంచింది. ట్రాక్టరు ఒక జానెడు, ఇంకొక జానెడు, అలా ఆ రాళ్ళు దాటి పైకి పోయింది.

"పోయింది నా లారీ" అన్నాడు తూకం. "అక్కా, ఖాళీగా వెళ్తే ఇంట్లో పరువుండదు!"

"కోసిన పాత ఫిల్టరు డబ్బా ఉంది, తీసుకుపో!" వదిన పై నుంచి అరిచింది.

మేస్త్రి నవ్వుతూ కిందనే ఆగిపోయాడు. నేను పైదాకా నడిచాను. ట్యాంకు పక్కన చదునుగా ఉన్న చోట వదిన ట్రాక్టరు నిలిపి, బ్రేకు వేసి, బకెట్టు నేలకి దించింది. ఇంజను ఆపలేదు. నా వైపు చూసింది, నాలుగు రోజుల్లో మొదటిసారి.

"మాస్టారూ. పుల్ల చూడు."

చొక్కా చేతులు మోచేతి పైదాకా మడిచి దగ్గరికి వెళ్ళాను. ఫ్యాను గాలి మొహానికి కొట్టింది. రెండో పుల్ల తీసి, తుడిచి, ముంచి, తీశాను. వేడి నూనె వేళ్ళ మీదుగా జారింది. పుల్ల వదల్లేదు.

"గీతల మధ్య ఉంది" అన్నాను.

"ఏ గీతకి దగ్గర?"

"పై గీతకి. చిటికెన వేలి మందం తక్కువ."

ఆమె తల ఊపింది. నా చెయ్యి దానంతటదే జేబులోకి, కలం కోసం వెళ్ళింది.

"రాయకు" అంది వదిన. "రోజూ పొద్దున్న చూసి, నాకు నోటితో చెప్పు."

కలం జేబులోనే వదిలేశాను. పుల్ల తుడిచి లోపల పెట్టి, చక్రానికి దూరంగా జరిగాను. ఆమె బకెట్టు ఎత్తి, ముందు గేరు వేసింది.